భుజం సరిపోవాలి, పొడవు పెరగాలి: ఒక ప్రెయిరీ గౌను కేస్ స్టడీ

నేపథ్యం

నేను కాన్సాస్ సిటీ శివార్లలో, కాన్సాస్ రాష్ట్రం వైపున ఉంటూ ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. వచ్చే పనిలో ఎక్కువ భాగం బ్లౌజులు, లంగా ఓణీలు, ఇండియా నుంచి తెప్పించుకున్న డ్రెస్సుల ఆల్టరేషన్లు. జనవరి వస్తే మాత్రం ఇంకో రకం ఫోన్లు మొదలవుతాయి. 1861 జనవరి 29న కాన్సాస్ అమెరికాలో రాష్ట్రంగా చేరింది. ఆ రోజును ఇక్కడి చాలా స్కూళ్లలో కాన్సాస్ డేగా చేస్తారు, చిన్న క్లాసుల పిల్లల్ని పాతకాలపు వలస కుటుంబాల వాళ్లలా తయారై రమ్మంటారు. మగపిల్లలకి గళ్ల చొక్కా, ప్యాంటుకి సస్పెండర్లు ఉంటే గడిచిపోతుంది. ఆడపిల్లలకి పొడుగు గౌను, దాని మీద ఏప్రన్, తలకి సన్‌బానెట్ కావాలి.

సన్‌బానెట్ చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. అది నూలు బట్టతో కుట్టిన టోపీ. ముఖం చుట్టూ అంచు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, వెనక ఒక గుడ్డ మెడ మీదికి జారుతుంది, గడ్డం కింద ముడి వేసుకోవడానికి రెండు పట్టీలు ఉంటాయి. చెట్టు నీడ దొరకని గడ్డి మైదానంలో, అంటే ప్రెయిరీలో, ఎండకీ గాలికీ అడ్డుగా పుట్టిన వస్తువు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల ప్రభుత్వ భూమి రాయించుకుని, అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేసిన కుటుంబాల్లో పిల్లలు కూడా నీళ్లు మోశారు, పశువుల్ని చూసుకున్నారు. అంటే మనం ఇప్పుడు వేషంగా కుట్టేది అప్పట్లో పనిబట్ట. ఈ కేసులో నేను తీసుకున్న ప్రతి నిర్ణయానికీ మూలం ఈ ఒక్క విషయమే.

ఇక్కడ రాస్తున్నది ఎనిమిదేళ్ల పాప కేసు. తల్లి ఐటీ ఉద్యోగి. మెషీన్ మీద దిండు గలీబులు, కర్టెన్లు కుట్టిన అనుభవం ఉంది. అమ్మమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చి ఆ శీతాకాలం వాళ్ల దగ్గరే ఉన్నారు. తల్లి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని తీసేశాను.

ఏ సమస్యతో వచ్చారు

తల్లి ఒక సంచీతో వచ్చింది. అందులో రెండు గౌన్లున్నాయి. ఒకటి ఆన్‌లైన్లో కొన్న రెడీమేడ్ వేషం, రెండోది ఆమె పేపర్ ప్యాటర్న్ (సైజుల వారీగా అమ్మే కాగితపు కత్తిరింపు నమూనా) పెట్టుకుని తానే కుట్టింది. "రెండూ వేసుకోనంటోంది అక్కా. వేస్తే అయిదు నిమిషాల్లో విప్పేస్తోంది. టైమ్ లేదు, నాకు టెన్షన్‌గా ఉంది" అంది. కాన్సాస్ డేకి అప్పటికి రెండు వారాలు కూడా లేదు.

పిల్ల వేసుకోనంటే పెద్దవాళ్లు సాధారణంగా మొండితనం అనుకుంటారు. నేను అలా మొదలుపెట్టను. ఒంటికి ఎక్కడో బాధ కలిగితే పిల్లలు దాన్ని విడమరిచి చెప్పలేరు, వద్దు అని మాత్రం చెప్పగలరు. అందుకే పాపకి తల్లి కుట్టిన గౌను వేయించి, నిలబెట్టి కొలతలు తీసే బదులు పనులు చెప్పాను. టీచర్ని ప్రశ్న అడిగేటప్పుడు ఎత్తినట్టు చెయ్యి ఎత్తమన్నాను. కింద పడిన పెన్సిల్ తియ్యమన్నాను. మెట్లెక్కమన్నాను. కుర్చీలో కూర్చోమన్నాను.

చెయ్యి ఎత్తగానే గౌను మొత్తం లేచింది. నడుము పట్టీ పక్కటెముకల మీదికి వచ్చింది, కాలర్ ముందు గడ్డానికి తగిలింది. పాప వెంటనే చెయ్యి దించేసి, "చూశారా ఆంటీ, చెయ్యి ఎత్తితే డ్రెస్ అంతా పైకొచ్చి మెడ పట్టేస్తోంది" అంది. మెట్ల దగ్గర అంచు కాలికింద పడింది. కూర్చుంటే ఏప్రన్ వెనక ముడి పొడుగ్గా నేల మీద పడింది. బాత్రూమ్‌లో ఏమవుతుందో అడగక్కర్లేకుండానే అర్థమైంది.

ఇంట్లో అప్పటికే చేసి చూసినవి

రెడీమేడ్ వేషం పాలియెస్టర్. జనవరిలో ఇక్కడ బయట చలి, ఇళ్లలో స్కూళ్లలో హీటర్లు, గాలిలో తేమ ఉండదు. అలాంటప్పుడు లెగ్గింగ్స్ మీద పాలియెస్టర్ గౌను వేస్తే స్టాటిక్ పట్టి కాళ్లకి అతుక్కుంటుంది, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది. బానెట్‌కి లోపల ఏ ఆధారమూ లేదు, అంచు కళ్ల మీదికి వాలిపోతోంది. దానికి పసుపు ఊలుతో చేసిన రెండు జడలు కూడా కుట్టేసి ఇచ్చారు. వాటి సంగతి కిందకొచ్చాక చెబుతాను.

తల్లి కుట్టిన గౌను పని పరంగా చెడ్డదేం కాదు. కుట్లు తిన్నగా ఉన్నాయి, కుచ్చులు సమంగా పడ్డాయి. తేడా సైజులో వచ్చింది. పాప చాతీ 26 అంగుళాలు. ఇక్కడి పేపర్ ప్యాటర్న్‌లలో అది పిల్లల సైజు 7. తల్లి 10 కత్తిరించింది. ఎందుకంటే అడిగితే, "పెరిగే పిల్ల కదా అక్కా, ఇంత కష్టపడి కుట్టి ఒక్క రోజుకేనా?" అంది. ఆ ఆలోచన సరైనదే, మన ఇళ్లన్నిటిలో ఉన్నదే. కానీ ప్యాటర్న్‌లో సైజు పెంచితే పొడవుతో పాటు భుజం, మెడ, చంక, నడుము అన్నీ కలిసి పెరుగుతాయి. భుజం కుట్టు రెండు పక్కలా కిందికి జారింది, దాంతో చంక కూడా దిగింది. చంక కిందికి దిగితే చెయ్యి లేవదు. బ్లౌజు కుట్టే ఎవరికైనా ఇది మొదటి ఏడాదే తెలుస్తుంది. కొత్తగా కుట్టేవాళ్లకి మాత్రం తలకిందులుగా అనిపిస్తుంది, చంక లూజుగా ఉంటే చెయ్యి హాయిగా ఆడుతుంది కదా అనుకుంటారు. నిజానికి చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉండి చెయ్యి బట్ట వెడల్పుగా ఉంటేనే చెయ్యి స్వేచ్ఛగా లేస్తుంది. చంక కిందికుంటే చేతితో పాటు నడుం దాకా ఉన్న బట్టంతా రావాల్సిందే.

ఇంకొకటి, కుచ్చుల బరువు. 44 అంగుళాల పన్నా ఉన్న బట్టను రెండు పన్నాలూ పూర్తిగా వాడి, 88 అంగుళాలను నడుముకి కుచ్చెత్తింది. పాప నడుము 24. మూడున్నర రెట్లకి పైనే. బొమ్మలో బాగుంటుంది, పిల్ల నడుముకి మాత్రం బరువు. మీద ఏప్రన్ కుచ్చులు కూడా వస్తే నడుం చుట్టూ ఒక దిండు కట్టినట్టే.

ఉన్నదాన్ని సరిచేయవచ్చా అని చూడటం

టైమ్ తక్కువ కాబట్టి ముందు ఉన్న గౌన్నే సరిచేయగలనా అని చూశాను. తల్లి కష్టం అందులో ఉంది, పక్కన పడేయడం నాకూ ఇష్టం లేదు. పక్క కుట్లు లోపలికి పిన్నులు పెట్టాను. నడుము సరిపోయింది కానీ చంక ఇంకా కిందే ఉంది. చెయ్యి ఎత్తితే పాత కథే. భుజం దగ్గర లోపలికి తీసుకుంటే మెడ ముడతలు పడింది. భుజం, మెడ, చంక ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఆ మూడూ తప్పితే పక్క కుట్టు దగ్గర ఎంత సరిచేసినా లాభం లేదు, పై భాగం విప్పి మళ్లీ కత్తిరించాలి. అలా కత్తిరించే బదులు కొత్త బాడీ కుట్టడమే త్వరగా అవుతుంది.

ఈ మాట తల్లికి చెబుతుంటే పక్కనే కూర్చున్న అమ్మమ్మగారు అందుకున్నారు. "మా చిన్నప్పుడు పరికిణీలకి కింద టక్కులు వేసేవాళ్లమ్మా. ఏడాదికొకటి విప్పుకునేవాళ్లం. పైనంతా కొలతకే కుట్టేవాళ్లు" అన్నారు.

కేసు తిరిగింది అక్కడే. అమెరికాలో పందొమ్మిదో శతాబ్దపు పిల్లల గౌన్ల అడుగు భాగంలో అడ్డంగా కనిపించే మడతలు కూడా సరిగ్గా అవే. చాలామంది వాటిని అలంకారం అనుకుంటారు. పిల్ల పెరిగే కొద్దీ విప్పుకోవడానికి దాచుకున్న బట్ట అది. బట్ట ఖరీదైన రోజుల్లో ఏ ఊరి తల్లులైనా అదే దారి పట్టారు. తల్లి కోరుకున్నదీ అదే, రెండేళ్లు రావాలి. పెరుగుదలకి వదిలే చోటు మార్చుకుంటే ఆమె కోరికా తీరుతుంది, గౌను కూడా పాతకాలం పద్ధతికి ఇంకా దగ్గరవుతుంది.

బట్ట ఎంపిక

అమ్మమ్మగారి పెట్టెలో మచిలీపట్నం దగ్గరి పెడన అచ్చుబట్ట ఒకటుంది. ఎర్ర నేల మీద నల్ల గీతల చిన్న పువ్వులు. తల్లికి అది వాడాలని మనసులో ఉంది, కానీ ఇండియన్ ప్రింట్‌లా కనిపించి తేడాగా ఉంటుందేమోనని సందేహం. ఆ విషయంలో భయం అక్కర్లేదని చెప్పాను. మచిలీపట్నం రేవు నుంచి అద్దకం బట్టలు డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు పదిహేడో శతాబ్దంలోనే యూరప్‌కి తీసుకెళ్లారు. అక్కడ వాటి మీద మోజు ఎంత పెరిగిందంటే, సొంత నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఇంగ్లండ్ 1721లో అచ్చు నూలుబట్టల వాడకాన్నే చాలావరకు నిషేధించింది. తర్వాత ఆ పువ్వుల్నే అనుకరిస్తూ యూరప్ మిల్లులు, 1820ల నుంచి మసాచుసెట్స్‌లోని లోవెల్ మిల్లులు చవగ్గా అచ్చేశాయి. గడ్డి మైదానాల్లో కుటుంబాలు కట్టింది అలాంటి మిల్లు ప్రింట్లే. ప్రెయిరీ గౌను మీది చిన్న పువ్వుకి మన తీరంతో చుట్టరికం ఉంది.

అయినా ఆ బట్టతో గౌను కుట్టలేదు. కారణం రంగు. తెల్లగుడ్డ తడిపి దాని మీద పరిచి వేడి ఇస్త్రీ నొక్కితే గుడ్డకి ఎరుపు అంటింది. మీద తెల్ల ఏప్రన్ వస్తుంది, బయట మంచు ఉండే కాలం. ఒక్కసారి తడిస్తే ఏప్రన్ పాడవుతుంది. ఉప్పునీళ్లలో నానబెడితే ఆగిపోతుందని కొందరంటారు. బట్టకి సరిగా పట్టని రంగుని ఉప్పు ఆపలేదు, వదిలేదంతా వదిలేదాకా ఉతుక్కోవాల్సిందే. దానికి వ్యవధి లేదు. స్కూల్లో ఆ రోజు క్విల్ట్ (గుడ్డముక్కలు కలిపి కుట్టే బొంత) ముక్కలు పేర్చే పని ఉందని తెలిసి, ఆ బట్టలోంచి ఒక చదరం కత్తిరించి పాప చేతికిచ్చాం.

గౌనుకి క్విల్టింగ్ వాళ్లు వాడే నూలుబట్ట తీసుకున్నాం. నీలిమందు ఛాయ నేల, తెల్ల చుక్కపువ్వు, పువ్వు అర అంగుళం కూడా లేదు. పిల్లల గౌనుకి ప్రింట్ ఎంత చిన్నదైతే అంత నప్పుతుంది, కుచ్చుల్లో పెద్ద పువ్వు ముక్కలైపోతుంది. రెండు ముప్పావు గజాలు పట్టింది. కత్తిరించేముందు వేడినీళ్లలో ఉతికి డ్రైయర్‌లో వేయించాను. ఇక్కడ తర్వాత ఎలాగూ డ్రైయర్‌లోనే పడుతుంది, కుంచించుకుపోయేది ముందే కుంచించుకుపోవాలి.

కొలతలు, కత్తిరింపు

పాపని ఆ రోజు వేసుకోబోయే థర్మల్ చొక్కా, లెగ్గింగ్స్‌తోనే రమ్మని వాటి మీదే కొలతలు తీశాను. పెరుగుదలని నాలుగు చోట్ల పెట్టాను, రెండు చోట్ల అసలు పెట్టలేదు.

భుజం, మెడ ఒంటికి సరిగ్గా. అక్కడ ఒక్క నూలు కూడా అదనం లేదు. మెడ ముందు పావు అంగుళం దించి, నిలువు కాలర్ తీసేసి, అదే బట్టని ఏటవాలుగా కత్తిరించిన క్రాస్ పట్టీతో చుట్టాను. తెల్ల కాలర్ విడిగా కుట్టి పెద్ద కుట్లతో తగిలించాను. గుచ్చుకుంటే రెండు నిమిషాల్లో ఊడదీయవచ్చు. విడిగా ఉతుక్కోవడానికి ఆ కాలంలోనూ కాలర్లు ఇలాగే తగిలించుకునేవాళ్లు.

చాతీకి పూర్తయ్యాక ఇరవై తొమ్మిదిన్నర వచ్చేలా లూజు ఇచ్చి, పక్క కుట్లలో బ్లౌజుకి వదిలినట్టే అంగుళం చొప్పున మార్జిన్ వదిలాను. నడుం కుట్టు దగ్గర బాడీ వైపు ఇంకో అంగుళం. చేతుల్లో, కఫ్ కి కొంచెం పైన, లోపలి వైపుకి ఒక టక్.

గౌను కింది భాగం దగ్గర కాస్త లెక్క ఉంది. నడుము నుంచి పిక్క మధ్యకి 21 అంగుళాలు. తల్లి మొదటి గౌను చీలమండ దాకా పెట్టింది. అది పెద్దవాళ్ల పొడవు. అప్పట్లో చిన్నపిల్లల గౌన్లు పెద్దవాళ్ల వాటికన్నా పొట్టిగానే ఉండేవి, పరుగెత్తే పిల్లకి అదే నయం కూడా. అంచు మడతకి 3 అంగుళాలు. ముప్పావు అంగుళం లోతున్న టక్కులు రెండు. ఒక్కో టక్ దాని లోతుకి రెట్టింపు బట్ట తింటుంది, అంటే ఒక్కోటి ఒకటిన్నర, రెండూ కలిపి 3. నడుం కుట్టుకి అర అంగుళం. మొత్తం ఇరవై ఏడున్నర కత్తిరించాను. కింది టక్ అంచు సరిగ్గా హెమ్మింగ్ గీత మీద పడేలా పెట్టాలి, అప్పుడు చేతికుట్టు బయటికి కనిపించదు. హెమ్మింగ్ అంతా అమ్మమ్మగారే చేశారు. ఆ కుట్టు చూస్తే మెషీన్ అవసరం లేదనిపిస్తుంది.

కుచ్చులకి రెండు పన్నాల బదులు ఒకటిన్నర తీసుకున్నాను. 66 అంగుళాలు, నడుముకి రెండు ముప్పావు రెట్లు. లోపల పల్చటి నూలు లంగా వేస్తే గౌను దానంతటదే నిలబడుతుంది, లెగ్గింగ్స్‌కి పట్టుకోదు.

గుండీలు ముందా వెనకా అన్నది కాసేపు ఆలోచించాల్సిన ప్రశ్న అయింది. చిన్నపిల్లల పాత గౌన్లు ఎక్కువగా వెనక గుండీలతోనే కనిపిస్తాయి, తల్లో అక్కో పెట్టేవాళ్లు. స్కూల్లో ఎవరు పెడతారు? ఉక్కపోసి విప్పుకోవాలన్నా, గుండీ ఊడినా పాప ఒక్కతే సర్దుకోవాలి. పెద్దవాళ్ల రోజువారీ గౌన్లకి గుండీలు ముందే ఉండేవి కాబట్టి ముందువైపు కాజా పట్టీ పెట్టాను. ఏప్రన్ గుండె మీది భాగం వాటిని కప్పేస్తుంది. ఏప్రన్‌కి వెనక పొడుగు ముడి తీసేసి, భుజాల మీదుగా వచ్చే పట్టీలను వెనక ఒకదాని మీద ఒకటి దాటించి నడుము దగ్గర గుండీలకి తగిలించాను. వేళ్లాడేది ఏదీ లేదు.

బానెట్ దగ్గర పడిన ఇబ్బంది

గౌను కన్నా ఇదే ఎక్కువ పని పెట్టింది. అంచు నిలబడాలి, బ్యాగులో మడిచినా పాడవకూడదు, పిల్లకి పక్కలు కనిపించాలి.

గంజి పెట్టి చూస్తే ఇస్త్రీ బల్ల మీద బ్రహ్మాండంగా నిలబడింది. బయటి చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చి ఊపిరి తేమ తగిలేసరికి మెత్తబడింది. అతికించే క్యాన్వాస్ వేస్తే నిలబడింది కానీ ఒకసారి మడిస్తే గీత శాశ్వతంగా ఉండిపోయింది. పాత పద్ధతుల్లో ఒకటి, అంచుని సన్నటి అరలుగా కుట్టి వాటిలో అట్టముక్కలో చెక్క బద్దలో దోపడం. ఉతికేటప్పుడు తీసేసుకునేవాళ్లు. అట్టలతో చేసి పాపకి పెట్టాను. అచ్చం పాత ఫోటోల్లోలా ఉంది. కానీ పాప నన్ను చూడాలంటే మెడ మొత్తం తిప్పాల్సి వచ్చింది, పక్కనుంచి బంతి వస్తే తెలియదు. పొలంలో వంగి పనిచేసే మనిషికి ఆ లోతు అవసరం. రీసెస్‌లో పరుగెత్తే పిల్లకి అది ప్రమాదం.

చివరికి కుదిరింది తాడు కూర్చిన అంచు. ఇదీ పాత పద్ధతే. రెండు పొరల నూలుబట్ట మధ్య సన్నటి నూలు తాడు పెట్టి, జిప్ ఫుట్‌తో (జిప్పులు కుట్టడానికి మెషీన్‌కి పెట్టే సన్నటి ఫుట్) తాడుని ఆనుకుని కుట్టి, దాని పక్కన ఇంకో తాడు, అలా అంచు వెంబడే వరసలు. బట్ట దానంతటదే బిగుస్తుంది, మడిచినా తిరిగి లేస్తుంది, ఉతికినా ఫర్వాలేదు. తాడుని కూడా ముందే ఉతకాలి, లేకపోతే తర్వాత కుంచించుకుని అంచంతా ముడుచుకుపోతుంది. అంచు లోతు మూడున్నర అంగుళాలకి తగ్గించాను. కళ్లకి నీడ పడుతుంది, పక్కలు కనిపిస్తాయి.

గడ్డం కింది పట్టీల విషయంలో నేను రాజీపడలేదు. ఆట పరికరాలకి చిక్కుకుంటాయని పిల్లల జాకెట్లకి మెడ దగ్గర తాళ్లు వద్దని అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ 1996లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. బానెట్ జాకెట్ కాకపోయినా ప్రమాదం అదే. పట్టీల్ని బానెట్‌కి కుట్టేయకుండా చిన్న వెల్క్రో ముక్కతో తగిలించాను. గట్టిగా లాగితే ఊడొస్తాయి. పాప చేతే లాగించి చూపించాను, అవి ఎలా పనిచేస్తాయో తనకి తెలియాలని.

పాప చెప్పని ఇంకో కారణం

అమర్చి చూసేటప్పుడు రెడీమేడ్ బానెట్‌కున్న పసుపు జడల్ని పట్టుకుని పాప మెల్లగా అడిగింది. "ఇది నా జుట్టు కాదుగా ఆంటీ. అప్పుడు ఇక్కడ అందరూ ఇలాగే ఉండేవాళ్లా?"

వేసుకోననడంలో సగం ఇదే ఉందని అప్పుడు తెలిసింది. క్లాసులో చూపించిన బొమ్మలన్నిటిలోనూ అలాంటి పిల్లలే ఉన్నారట. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మన తెలుగువాళ్లు అప్పుడు ఇక్కడ లేరు. కానీ అందరూ తెల్లవాళ్లూ కాదు. బానిసత్వం పోయాక కెంటకీ నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు 1877లో ఇదే కాన్సాస్‌లో నికోడీమస్ అనే ఊరు కట్టుకున్నాయి, ఆ ఊరు ఇప్పటికీ ఉంది. ఆ పిల్లలూ పొడుగు గౌన్లే వేసుకున్నారు. వీళ్లందరికన్నా ముందు ఈ నేల కా జాతి వాళ్లది, రాష్ట్రానికి పేరు వాళ్ల నుంచే వచ్చింది, వాళ్లని 1873లో ఇక్కణ్నించి పంపేశారు. పాప శ్రద్ధగా విని, "అయితే నా జడలే వేసుకుంటా" అంది.

ఆ నిర్ణయంతో ప్యాటర్న్ కూడా మారింది. ప్యాటర్న్ ప్రకారం బానెట్ వెనక తల పట్టే గుల్ల భాగం చిన్నది. ఒత్తుగా ఉన్న జుట్టుని రెండు జడలు వేస్తే వెనక్కి లాగేస్తోంది. గుల్లని అంగుళంన్నర లోతు పెంచి, కుచ్చులు ఎక్కువ వేసి, జడలు మెడ గుడ్డ కిందనుంచి బయటికి వచ్చేలా పెట్టాను.

ఆ రోజు, ఆ తర్వాత

పాప పొద్దున వేసుకున్న గౌను సాయంత్రం ఇంటికొచ్చాకే విప్పింది. సీసాలో మీగడ పోసి ఊపి వెన్న తీసే పని ఉందట, ఏప్రన్ నిండా మరకలు, గౌను శుభ్రంగా ఉంది. ఏప్రన్ పుట్టిందే అందుకు. బానెట్ రీసెస్‌లో తప్ప పెట్టుకోలేదు. ఒక పట్టీ ఊడి బ్యాగులో వచ్చింది. ఎవరో వెనక నుంచి లాగారని పాప చెప్పింది.

కుట్టు నేర్చుకుంటున్నవాళ్లు ఈ కేసు గురించి అడిగితే నేను ముందు చెప్పేది కొలత గురించే. రెడీమేడ్ బట్ట సైజు, పిల్ల వయసు, పేపర్ ప్యాటర్న్ సైజు మూడూ వేరు వేరు. చాతీ కొలిచి దాన్నిబట్టి ప్యాటర్న్ ఎంచుకుని, పొడవు మాత్రం విడిగా పెంచుకోండి. మొదటి ఫిట్టింగ్ పాత దుప్పటి గుడ్డతో చేయండి, పిల్ల చేత చెయ్యి ఎత్తించండి, వంగించండి. అద్దం ముందు నిలబెట్టి చూస్తే ఏ గౌనైనా బాగానే ఉంటుంది. ఏ పాత వివరాన్నయినా తీసేసే ముందు అది అప్పట్లో ఏం పని చేసిందో తెలుసుకోండి. టక్కులకి, ఏప్రన్‌కి, పొట్టి పొడవుకి ఇప్పటికీ పనుంది కాబట్టి ఉంచాం. అంచు లోతుకి, వెనక గుండీలకి ఇక్కడ పని లేదు కాబట్టి మార్చాం.

మరుసటి శరదృతువులో వాళ్లు ఓలేతలోని మహాఫీ ఫార్మ్‌కి వెళ్తూ గౌను మళ్లీ తెచ్చారు. శాంటా ఫే బాట అనే పాత వర్తకపు దారిలో 1860ల నాటి బండ్ల మజిలీ అది, ఇప్పుడు పిల్లలకి ఆ కాలపు పనులు చేసి చూపిస్తారు. భుజం అప్పటికీ సరిపోయింది. పక్క కుట్లలో అర అంగుళం వదిలి, చేతుల్లో టక్ విప్పాను. గౌను కింది భాగంలోని రెండు టక్కుల్లో పైది మాత్రం విప్పాను. మడతలో ఉన్న బట్ట ఉతుకులకి వెలవలేదు కాబట్టి అక్కడ ముదురు నీలం చార అడ్డంగా కనిపించింది. పాతకాలం తల్లులకీ ఇదే వచ్చేది, దాని మీద ఒక వరస పట్టీ కుట్టి కప్పేసేవాళ్లు. మేమూ ముదురు నీలం నూలు పట్టీ వేశాం. కింది టక్ ఇంకా అలాగే ఉంది.